ఎనిమిది ఆవులూ ఒక సోల్డరింగ్ ఐరనూ

ప్రశ్న: అమ్మా, మాది పూతలపట్టు దగ్గర పల్లె. నేనూ నా స్నేహితుడూ ఇంజనీరింగ్ ముగించి ఏడాదిన్నర అయింది. పాల కేంద్రంలో బల్క్ కూలర్, అంటే పాలను చల్లగా ఉంచే పెద్ద తొట్టి, వేడెక్కితే కేంద్రం నడిపేవాళ్ల ఫోనుకు మెసేజ్ పంపే పరికరం ఒకటి చేశాం. కాలేజీ ల్యాబ్‌లో బాగా పనిచేసింది. మా దగ్గర లక్షా ఎనభై వేలున్నాయి. నాన్నకు ఎనిమిది ఆవులు. అంతే. మాతో చదివినవాడు ఇదే పనికి చిత్తూరులో ఆఫీసు తెరిచాడు. పెట్టుబడి వాళ్ల నాన్నది, పనికి ఆరుగురున్నారు. మమ్మల్నేమో బెంగళూరు వెళ్లి ఇన్వెస్టర్‌ని పట్టుకోమంటున్నారు. వనరులు లేకుండా టెక్నాలజీ కంపెనీ నిలబడుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: నాయనా, ఎనిమిది ఆవులున్నాయని చెప్పి పక్కనే "అంతే" అని రాశావు చూడు, అక్కడే ఆగిపోయాను. ఎనిమిది ఆవులున్న ఇల్లంటే రెండు పూటలా పాల కేంద్రం గడప తొక్కే ఇల్లు. అక్కడి మనిషి మీ నాన్నను వరస పెట్టి పిలుస్తాడు. చిత్తూరు ఆఫీసులో ఉన్న ఆరుగురిలో ఒక్కరికైనా తెల్లవారుజామున ఆ గదిలోకి వెళ్లి, ఖాళీ క్యాను బోర్లించి కూర్చునే చనువుందా?

మా చిన్నమ్మాయి కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠం చెబుతుంది. ఎడిత్ పెన్రోజ్ అనే ఆర్థికవేత్త 1959లోనే తేల్చిందట, వనరు వేరు, దానితో మనం చేయించుకునే పని వేరు అని. ఒకే వనరు ఒకరి చేతిలో ఒక పనికి వస్తుంది, ఇంకొకరి చేతిలో ఇంకో పనికి. మీ ఆవులు ఇప్పటిదాకా పాలే ఇచ్చాయి. ఇక కస్టమర్‌ని చూపించమను.

నా సంగతి చెబుతాను. మా రోజుల్లో పాలలో వెన్న చూడాలంటే గెర్బర్ పద్ధతే. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ యాసిడ్, దాని మీద మెల్లిగా 10.75 మిల్లీలీటర్ల పాలు, చివర ఒక మిల్లీలీటర్ అమైల్ ఆల్కహాల్. బిరడా పెట్టి ఊపితే గొట్టం చురుక్కుమనేది, గుడ్డ చుట్టి పట్టుకునేవాళ్లం. యాసిడ్ చుక్కలు పడి నా చీరలన్నిటికీ చిల్లులే. 1991లో పాల పరిశ్రమకు లైసెన్సులు ఎత్తేశాక ప్రైవేటు డెయిరీలు వచ్చాయి, వాటి వెంట ఎలక్ట్రానిక్ టెస్టర్లూ వచ్చాయి. చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు. తిరుపతి కొర్లగుంటలో ఒక అద్దె గది, ఒక డిప్లొమా కాగితం, ఒక సోల్డరింగ్ ఐరన్, ఆ రిపేరు పనికి ఇవే నా పెట్టుబడి. కానీ సగం మిషన్లలో ఎలక్ట్రానిక్స్ తప్పే ఉండేది కాదు. కుర్రాడు కడగక వదిలేస్తే లోపలి గొట్టంలో పాలు ఎండి అట్టకట్టేవి. వేడినీళ్లు పోస్తే రిపేరు అయిపోయేది. చీరలకు చిల్లులు పడేలా పాలతో పనిచేసిన అనుభవమే లేకపోతే నేనూ ముందు సర్క్యూట్ బోర్డే విప్పేదాన్ని.

నీ పరికరం సంగతికొస్తాను. ల్యాబ్‌లో బాగా పనిచేసిందన్నావు. కేంద్రంలో మొదటి రోజే నిన్ను విసిగిస్తుంది. పాలు 4 డిగ్రీలకు చల్లబరిచి ఉంచాలి, నిజమే. కానీ పొద్దున అప్పుడే పిండిన పాలు క్యాన్ల కొద్దీ పోసినప్పుడు కూలర్‌లో వేడి పెరగదా? సాయంత్రం మళ్లీ అంతే. కరెంటు పోతే పెరిగే వేడీ, పాలు పోస్తే పెరిగే వేడీ నీ సెన్సారుకు ఒకటే. రోజుకు రెండు సార్లు ఊరికే మెసేజ్ వస్తే ఆ మనిషి మూడో రోజు వైరు పీకేసి పక్కన పెడతాడు. ఇక కూలర్‌ని కాస్టిక్ కలిపిన వేడినీళ్లతో బ్రష్ పెట్టి తోముతారు. నీ వైరు ఆ బ్రష్ దారిలో ఉందా లేదా? రేకుల షెడ్డులో ఆ మూల సిగ్నల్ ఉందా? ఇవి కోడ్ రాస్తూ కూర్చుంటే తెలియవు. వారం రోజులు రెండు పూటలా అక్కడ కూర్చో. ఏం చేయాలో పరికరమే చెబుతుంది.

డబ్బు లేకపోవడం కష్టమే, కాదనను. ఎక్కువ ఉండటం కూడా కష్టమేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక డెయిరీ వాళ్లు నోటిమాటగా అడిగితే, రాతకోతలు లేకుండానే బ్యాంకు అప్పు తెచ్చి నలభై కంట్రోల్ బాక్సులు చేయించాను. తొమ్మిది తీసుకున్నారు. మేనేజరు మారాడు, కొత్తాయన ఇంకెక్కడో కొన్నాడు. మిగిలిన ముప్పై ఒకటీ ఇప్పటికీ మా అటక మీదున్నాయి. ఒకటి మా మనవడు విప్పి ఆడుకుంటున్నాడు. ఆ రోజు బ్యాంకు వాళ్లు అప్పు లేదు పొమ్మని ఉంటే నాలుగే చేసేదాన్ని.

అందుకే నీ లక్షా ఎనభై వేలలో, పోయినా ఇంట్లో గొడవ రాని మొత్తం ఎంతో ముందు నాన్నతో కూర్చుని తేల్చుకో. దాన్ని దాటొద్దు. ఇది నా చాదస్తం అనుకోకు. అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీలో పాఠం చెప్పే సరస్ సరస్వతి, కంపెనీలు పెట్టి తలపండిన 27 మందికి ఒకే సమస్య ఇచ్చి, ఆలోచనను పైకి చెప్పమని కూర్చోబెట్టింది. ఆ పరిశీలన 2001లో అచ్చయింది. వాళ్లలో ఎక్కువమంది లాభం లెక్కలతో మొదలుపెట్టలేదు. నేనెవర్ని, నాకేం తెలుసు, నాకెవరు తెలుసు, ఎంత పోతే తట్టుకోగలను, వాళ్ల ఆలోచన సాగిన దారి ఇది.

మన కరకంబాడి అమరరాజా బ్యాటరీల కంపెనీనే చూడు. అమెరికాలో ఇంజనీరుగా చేసిన గల్లా రామచంద్ర నాయుడు తిరిగొచ్చి 1985లో కంపెనీ పెట్టారు. అందరికీ తెలిసిన కారు బ్యాటరీ అమరాన్ వచ్చింది 2000లో. ఈ లోపల పరిశ్రమలకు వాడే బ్యాటరీలు చేశారు, జాన్సన్ కంట్రోల్స్‌తో చేయి కలిపి తమ దగ్గర లేని సాంకేతికత తెచ్చుకున్నారు. అన్నీ సమకూరాక మొదలుపెట్టలేదు. నీకూ ఆయనకూ పోలికేమిటి అంటావేమో. పోలిక డబ్బులో కాదు, ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లో.

ఒక్క హెచ్చరిక. ఉన్నదాంతో సర్దుకోవడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య, అదే వ్యసనమూ అవుతుంది. టిఫిన్ డబ్బాలో బిగించిన పరికరం నీ ఊళ్లో చెల్లుతుంది, పది ఊళ్లకు వెళ్లదు. మూడు కేంద్రాల్లో మూడు నెలలు నడిచాక డబ్బా, సీలు, బ్యాటరీ గట్టివి వేయించు. పాల పరీక్షలకు తిరుపతిలోనే డెయిరీ టెక్నాలజీ కాలేజీ ఉంది, ఎలక్ట్రానిక్స్ సాయానికి ఏర్పేడు ఐఐటీలో కొత్త టెక్నాలజీలకు చేయూతనిచ్చే నవావిష్కార్ ఐ-హబ్ తలుపు తట్టు. కాలేజీ ల్యాబ్ వాడుకున్నావు కాబట్టి డిజైన్ మీద హక్కు ఎవరిదో ఇప్పుడే ఒక కాగితం రాయించుకో. నాలుగు కేంద్రాల వాళ్లు జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాక బెంగళూరు బస్సెక్కు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మావారు ఉద్యోగం మానేసి ముగ్గురితో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. ఒకాయన ఉద్యోగం వదలకుండా సాయంత్రం రెండు గంటలే వస్తాడు, వాటా మాత్రం సమానంగా అడుగుతున్నాడు. మొహమాటపడి సరే అంటారేమోనని భయం. — తిరుపతి నుంచి ఒక సోదరి

జవాబు: ఆయన రెండు గంటలు తీసిపారేయకమ్మా, ఆ పని ఇంకెవరికీ రాదేమో కనుక్కో. కానీ వాటా మొదటి రోజే చేతిలో పెట్టొద్దు. నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చేట్టు, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రానట్టు రాసుకోవడం ఈ కంపెనీల్లో మామూలే. మీవారికీ అదే షరతు పెట్టించండి, అప్పుడు మొహమాటం ఉండదు. ఆడిటర్ దగ్గర కూర్చుని రాయించుకోండి, టీ కొట్టు దగ్గర కాదు.

ప్రశ్న: స్టార్టప్ ఇండియా సర్టిఫికెట్ వచ్చింది. డబ్బు ఎప్పుడు పడుతుంది? — పలమనేరు

జవాబు: పడదు బాబూ. అది నీది స్టార్టప్ అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కాగితం. 2021లో తెచ్చిన సీడ్ ఫండ్ (తొలి పెట్టుబడి) పథకంలో కూడా నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటును ఇంక్యుబేటర్లు, అంటే కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థలు, ఎంపిక చేసి, పని జరిగిన కొద్దీ విడతలుగా ఇచ్చేవి. దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదని నిబంధన ఉండేది. ఆ పథకం ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కో. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించే ముందు నీ కంపెనీ రిజిస్ట్రేషన్ తేదీ ఒకసారి చూసుకో.