పోటీ చట్టం వల్ల ఏ దేశంలో ఎంత పోటీ పెరిగిందో ఎలా కొలవాలి? నేను చేసిన తప్పులే జవాబు

కంపెనీలు కుమ్మక్కై పోటీని చంపకుండా చూసే పోటీ చట్టం పనిచేసిందో లేదో కొలవడానికి, చట్టం ఉన్న దేశానికి 1, లేని దేశానికి 0 వేసి పోల్చితే చాలదా అని ఒకరు అడిగారు. కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ప్రాజెక్టుకి నేను అచ్చంగా అదే చేశాను. పోటీ చట్టం పేరులోనే 2002 ఉంది కదా అని ఇండియాకి ఆ ఏడాది నుంచి 1 పెట్టేశాను. మా సార్ షీట్ చూసి, "పుట్టిన ఏడాది రాశావు సరే, నడిచింది ఎప్పుడు?" అన్నారు. కుమ్మక్కు ఒప్పందాలు, ఆధిపత్య దుర్వినియోగం మీది సెక్షన్లు అమల్లోకి వచ్చింది 2009 మే 20న. విలీనాలవి 2011 జూన్‌లో. పైగా గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే 1969 నాటి ఎంఆర్‌టీపీ చట్టం అంతకుముందు ఉండనే ఉంది, కాబట్టి నా 0 కూడా తప్పే.

పోటీని కొలవడానికి హెచ్‌హెచ్‌ఐ (హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచిక) వాడాను. అంటే ఒక్కో కంపెనీ మార్కెట్ వాటాను వర్గం చేసి అన్నీ కూడడం; ఎంత ఎక్కువ వస్తే పోటీ అంత తక్కువ. ఆ రోజుల్లోనే నాన్నతో మిర్చి బస్తాలేసుకుని యార్డుకు వెళ్లాను (ఏ యార్డో ఎందుకులెండి). మా కుప్ప దగ్గరికి ఐదుగురు ఖరీదుదారులు వచ్చారు. మొదటాయన చెప్పిన రేటు మీద మిగతా నలుగురూ క్వింటాలుకు పది రూపాయలు కూడా పెంచలేదు. కాయ విరిచి చూసి, తేమ ఉందని వెళ్లిపోయారు. తలా 20 శాతం వాటా అనుకుంటే హెచ్‌హెచ్‌ఐ 2,000. ముందే మాట్లాడుకుని వస్తే ఐదుగురూ ఒక్కరి కిందే లెక్క, అప్పుడది 10,000. మాట్లాడుకున్నారనడానికి నా దగ్గర రుజువు లేదు, ఆ రోజు రేటే అంతేమో. కానీ ఈ రెండింటి తేడా నా ఫార్ములాకి తెలియదు. నాన్న మాత్రం "మళ్ల ఇంటికి తీస్కపోతే కిరాయి ఎవరిస్తరు బిడ్డా" అని అమ్మేశాడు.

కాబట్టి వాటాల బదులు ధరకీ ఖర్చుకీ మధ్య మార్జిన్ చూడండి. చట్టాల్లో ఏముందో తెలియడానికి న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు అను బ్రాడ్‌ఫర్డ్, ఆడమ్ చిల్టన్‌ల డేటా ఉంది, 1889 నుంచి 2010 దాకా. అమలుకి వేరే కాలమ్ పెట్టండి: సిబ్బంది, బడ్జెట్, తేలిన కేసులు. వేసిన జరిమానాను బట్టి మాత్రం లెక్కకట్టొద్దు. 2012లో ఈ చట్టాన్ని అమలు చేసే సీసీఐ (కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా) సిమెంట్ కంపెనీలకు 6,000 కోట్లకు పైగా వేస్తే, 2015లో అప్పీల్ ట్రిబ్యునల్ కొట్టేసింది, 2016లో సీసీఐ మళ్లీ వేసింది. ఏ ఏడాది కింద రాస్తారు?

ఇంకో చిక్కు. కుమ్మక్కులు ముదిరిన చోటే చట్టం తెస్తారు, అందుకే మామూలు రిగ్రెషన్‌లో (రెండు అంశాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే గణాంక పద్ధతి) చట్టమే పోటీని చెడగొట్టినట్టు కనిపించవచ్చు. నాకు అదే వచ్చి రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్రలేదు. చివరికి మిగతా దేశాలన్నీ తీసేసి, ఇండియాలోనే 2009కి ముందూ తర్వాతా రంగాలవారీగా మార్జిన్లు పోల్చి ప్రాజెక్టు ఇచ్చేశాను.