బోటింగ్‌కు వేసుకునే లైఫ్ జాకెట్ వదులుగా ఉండాలా, బిగుతుగా ఉండాలా?

ఊపిరికీ చేతుల కదలికకూ అడ్డు రానంత మేరకు లైఫ్ జాకెట్ ఒంటికి బిగుతుగానే ఉండాలి. దాని సైజును పెద్దలకు ఛాతీ కొలతను బట్టి, పిల్లలకు బరువును బట్టి ఎంచుకోవాలి.

నీటిలో పడగానే జాకెట్‌లోని ఫోమ్ పైకి తేలుతుంది గనుక, పట్టీలు వదులుగా ఉంటే మనిషి కిందే ఉండిపోయి జాకెట్ మాత్రం చెవుల దాకా ఎగబాకుతుంది. ఉదాహరణకు, హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దగ్గరికి వెళ్లే బోటు ఎక్కకముందే జిప్పు వేసి, పట్టీలన్నీ బిగించి, చేతులు పైకెత్తి, భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని పైకి లాగమని పక్కవారిని అడగండి. అది గడ్డం దాటి వస్తే సైజు పెద్దదైనట్టే. పిల్లలకు ‘ఎలాగూ పెరుగుతారు కదా’ అని ఒక సైజు ఎక్కువ తీసుకోవడం చొక్కాల విషయంలో చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదు. ఉక్కపోత భరించలేని వారు పట్టీలు సడలించే బదులు, భుజాల దగ్గర వలగుడ్డ ఉన్న రకం వెతుక్కోవడం మేలు.

లావుగా ఉన్నవారికి ఎక్కువ తేలించే జాకెట్ కావాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. శరీర బరువులో అధికభాగాన్ని నీరే మోస్తుంది కాబట్టి, పెద్దల్లో చాలామందికి తల పైన నిలవడానికి 3 నుంచి 5.5 కిలోల అదనపు ఊతం చాలు. కొవ్వు సహజంగానే తేలుతుంది కనుక, కాస్త ఎక్కువ ఊతం అవసరమయ్యేది సన్నగా, కండపట్టి ఉన్నవారికే.