ఏడు క్లబ్బులు తిరిగిన ఫుట్‌బాల్ డిఫెండర్, 15 లక్షల సేవింగ్స్: నంబూరు ప్లాటా, ఫ్రెండ్ టర్ఫా?

ప్రశ్న: సార్, మాది గుంటూరు. నాకు 31 ఏళ్లు, ఫుట్‌బాల్‌లో సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో) ఆడతాను. పదేళ్లలో ఏడు క్లబ్బులు మారాను, గోవా, కోల్‌కతా, షిల్లాంగ్, కోజికోడ్ అన్నీ తిరిగాను. ఒక్క సీజన్ ఐఎస్‌ఎల్ (దేశంలో పై లీగ్) స్క్వాడ్‌లో ఉన్నా గానీ ఎక్కువగా బెంచీ మీదే. ఈసారి 9 నెలల కాంట్రాక్టు, మొత్తం 14 లక్షలు, ఏజెంటుకి అందులో 5 శాతం. పాత క్లబ్బు రెండు నెలల జీతం 2.6 లక్షలు ఇంకా ఇవ్వలేదు. ఎఫ్‌డీ 11 లక్షలు ఒకే కోఆపరేటివ్ బ్యాంకులో ఉంది, సేవింగ్స్‌లో 4 లక్షలు. ఎల్‌ఐసీ ఎండోమెంట్ ప్రీమియం ఏడాదికి 62 వేలు. కారు ఈఎంఐ 14,200, దాంతో కలిపి ఇంటి ఖర్చు నెలకి 55 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, 18 వేలు వస్తాయి. పాపకి 3 ఏళ్లు. నాన్న మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి మానేశారు, నంబూరు దగ్గర 150 గజాల ప్లాటు 27 లక్షలకి వస్తోంది లోన్ పెట్టి కొనమంటున్నారు. బెజవాడలో ఫ్రెండ్ టర్ఫ్ (గంటల లెక్కన అద్దెకిచ్చే ప్లాస్టిక్ గడ్డి గ్రౌండు) పెడుతున్నాడు, 8 లక్షలతో పార్ట్‌నర్‌గా రమ్మంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: బ్రదర్, ముందు ఒక మాట, పదేళ్లు ఊళ్లు తిరుగుతూ, ఏడాదికో కాంట్రాక్టు మీద బతుకుతూ 15 లక్షలు చేతిలో ఉంచుకోవడం చిన్న విషయం కాదు, నా దగ్గరికి వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామందికి ఇంత క్యాష్ ఉండదు, ఈఎంఐలు మాత్రం ఉంటాయి. కానీ మీరు అడిగిన రెండు ప్రశ్నలకీ సమాధానం ఒక్క లెక్కలోనే ఉంది, అది ముందు చూద్దాం.

మీకు వచ్చేది 9 నెలల డబ్బు, ఇల్లు నడవాల్సింది 12 నెలలు. పైగా వచ్చే ఏడాది ఈ 9 నెలలు కూడా ఉంటాయో లేదో మార్చి దాకా తెలీదు. కాబట్టి ఉద్యోగస్తులకి చెప్పే మూడు నెలలు, ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ మీకు చాలదు, మీకు పూర్తి ఏడాది ఖర్చు పక్కన ఉండాలి. 55 వేలు ఇంటూ 12, అంటే 6.6 లక్షలు. ఇది ఒకటి.

రెండోది ఆట ఆగిపోయాక వచ్చే గ్యాప్. ఇది ఎవరూ లెక్కెయ్యరు. చివరి మ్యాచ్ ఆడిన రోజు నుంచి కోచ్‌గానో ఇంకోటిగానో స్థిరంగా జీతం వచ్చే రోజు దాకా రెండేళ్లు పడుతుందనుకోండి. అప్పటికి కారు లోన్ తీరిపోయిందనుకుంటే ఇంటి ఖర్చు 41 వేలు, మీ ఆవిడ జీతం 18 పోను నెలకి 23 వేలు తక్కువ పడుతుంది, రెండేళ్లకి ఐదున్నర లక్షలు. రేట్లు పెరుగుతాయి, పాప స్కూలు ఫీజులు పెరుగుతాయి (గుంటూరులో కార్పొరేట్ స్కూళ్ల ఫీజుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు), 7 లక్షలు అని పెట్టుకోండి. రెండూ కలిపితే 13.6 లక్షలు. అంటే మీ 15 లక్షలకి ఆల్రెడీ పేర్లు రాసేశాం, ఫ్రీగా ఉన్నది లక్షా నలభై వేలు. ప్లాటయినా టర్ఫయినా ఆ లక్షా నలభైతో కొనగలిగితే కొనండి.

మరీ అంత భయమెందుకు, ఇంకా నాలుగేళ్లు ఆడతాను కదా అంటారేమో. ఆడొచ్చు, సెంటర్ బ్యాక్‌లకి అంచుల్లో పరిగెత్తే వింగర్ల కంటే వయసు కొంచెం కలిసొస్తుంది, పరుగు తగ్గినా పొజిషన్ తెలిస్తే నెట్టుకొస్తారు. కానీ మీ చేతిలో లేనివి రెండున్నాయి. ఒకటి మోకాలు. ఇండియా డిఫెండర్ సందేశ్ ఝింగన్ అంతటివాడికి 2019 అక్టోబర్‌లో మోకాలి లిగమెంటు (ఏసీఎల్) పోతే ఆ ఐఎస్‌ఎల్ సీజన్ మొత్తం పోయింది, అతను స్టార్ కాబట్టి తర్వాత పెద్ద క్లబ్బు పిలిచింది, ఏడాదికో క్లబ్బు మారే 31 ఏళ్ల డిఫెండర్ కోసం ఎవరూ ఏడాది ఆగరు. రెండోది అసలు లీగే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ కప్పు కొట్టింది, రెండేళ్లు తిరగకముందే జీతాలు రావట్లేదని ఆటగాళ్లు సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు, 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది. అదే ఏడాది జులైలో జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్‌కీ లీగ్ నడిపే కంపెనీ ఎఫ్‌ఎస్‌డీఎల్‌కీ 2010లో కుదిరిన ఒప్పందం గడువు డిసెంబర్‌తో అయిపోతోందని మొత్తం ఐఎస్‌ఎల్‌నే హోల్డ్‌లో పెట్టారు, ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ లాంటి క్లబ్బే ఫస్ట్ టీమ్ జీతాలు ఆపేసింది. పై లీగ్ పరిస్థితే అదైతే కింది లీగ్ సంగతి మీకే బాగా తెలుసు. మనవాళ్ల పాత రోజులు వేరు, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ వాళ్లకి ఆటతో పాటు డిపార్ట్‌మెంట్ ఉద్యోగం ఉండేది, బూట్లు వదిలేసినా ఒకటో తారీకు జీతం వచ్చేది. మీకు డబ్బు వాళ్లకంటే ఎక్కువ, ఆ ఒకటో తారీకు మాత్రం లేదు. రైల్వే స్పోర్ట్స్ కోటా కూడా 25 ఏళ్ల దాకానే, అది మీకు దాటిపోయింది.

ఇప్పుడు ప్లాటు. నాన్నగారు చెప్పింది తప్పని అనట్లేదు, గుంటూరు బెజవాడ మధ్య హైవే పక్కన భూమి అంటే ఎవరికైనా ఆశే. 27 లక్షల ప్లాటుకి రిజిస్ట్రేషన్, స్టాంప్ డ్యూటీ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే రెండు లక్షల పైమాటే, మొత్తం 29. మీ దగ్గర 14 పెట్టి 15 లోన్ తీసుకుంటే, 9 శాతం వడ్డీతో పదేళ్లకి ఈఎంఐ 19 వేలు. కారుది 14,200 కలిపితే నెలకి 33 వేలు. జీతం రాని మూడు నెలల్లో ఇంట్లో వచ్చేది మీ ఆవిడ 18 వేలు మాత్రమే, ఈ 15లో మిగిలేది ఒక్క లక్ష. అప్పుడేం చేస్తారు? బంగారం తీసుకెళ్లి తాకట్టు పెడతారు, చాలా ఇళ్లలో జరిగేది అదే.

ప్లాటు అమ్మేస్తా అంటారా. రాజధాని అన్నాక 2015 నుంచి ఈ చుట్టుపక్కల కొన్నవాళ్లు 2019 డిసెంబర్‌లో మూడు రాజధానులు అనగానే అమ్ముదామంటే అడిగేవాడు లేక కూర్చున్నారు, మళ్లీ 2024 జూన్ తర్వాతే కదలిక. నాలుగున్నరేళ్లు. ఉద్యోగం ఉన్నవాడు ఆగగలిగాడు, కూతురు పెళ్లో హాస్పిటలో వచ్చినవాడు వచ్చిన రేటుకి వదిలేశాడు. ఇది నాన్నగారికి మీరు చెప్తే వినరేమో గానీ యార్డు భాషలో చెప్పండి, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) పెట్టుకుని రేటు కోసం ఆగాలంటే చేతిలో వేరే డబ్బు ఉండాలి, లేనివాడు కమీషన్ కొట్టు అప్పు తీర్చడానికి ఆ రోజు ఏ రేటుంటే దానికే అమ్ముకుంటాడు, ఆయన అలాంటి రైతుల్ని ఎంతమందిని చూసుంటారో. ఈ సీజన్, వచ్చే సీజన్ డబ్బులు పూర్తిగా వచ్చి అందులో మిగిలిన దాంతో చిన్న ప్లాటు, లోన్ లేకుండా, రెరా రిజిస్ట్రేషన్ ఉన్న లేఅవుట్‌లో, ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించి కొంటానంటే నేను అడ్డు చెప్పను.

టర్ఫ్ సంగతి ఇంకా సింపుల్. స్థలం లీజు, గడ్డి కొన్నేళ్లకి మార్చాలి, లైట్ల కరెంటు బిల్లు, ఏప్రిల్ మేలో బెజవాడ ఎండకి సాయంత్రం ఆరు దాకా ఎవడూ రాడు, వచ్చేవాళ్లలో కూడా సగానికి సగం క్రికెట్ బ్యాచ్‌లే. మీ ఫ్రెండ్‌కి మీ 8 లక్షల కంటే మీ పేరు ఎక్కువ పనికొస్తుంది, ప్రొఫెషనల్ ఆటగాడు పిల్లలకి కోచింగ్ ఇస్తాడంటే బ్యాచ్‌లు నిండుతాయి. కాబట్టి డబ్బు పెట్టకుండా ఆఫ్ సీజన్‌లో కోచింగ్ ఫీజులో వాటా మాట్లాడుకోండి, ఎంత శాతమో పేపర్ మీద రాసుకోండి, స్నేహం కూడా నిలబడుతుంది. ఆ పనికి కోచింగ్ లైసెన్సు కావాలి, ఏఐఎఫ్ఎఫ్ డీ లైసెన్సు ఇప్పుడే ఆడుతూనే చేసెయ్యండి, తర్వాత ఆసియా ఫెడరేషన్ ఏఎఫ్‌సీ వాళ్ల సీ, బీ. రిటైరయ్యాక మొదలుపెడితే నేను చెప్పిన ఆ రెండేళ్ల గ్యాప్ మూడేళ్లవుతుంది. సయ్యద్ నయీముద్దీన్ మన హైదరాబాద్ డిఫెండరే, 1970 ఏషియాడ్‌లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చి, కోచ్‌గా 1990లో ద్రోణాచార్య అవార్డు తీసుకున్నాడు. అందరూ నయీం సాబ్ కాలేరు గానీ వెనక నుంచి మొత్తం గ్రౌండ్ చూస్తూ అరిచి ఆడించే డిఫెండర్లకి కోచింగ్ కొంచెం తేలిగ్గానే వస్తుందని నా అభిప్రాయం.

పాత క్లబ్బు బాకీ గురించి మీరు ఒక్క లైన్ రాసి వదిలేశారు, నాకు మాత్రం అదే ముందు కనిపించింది. 2.6 లక్షలంటే మీ ఇంటికి దాదాపు ఐదు నెలల ఖర్చు. మేనేజర్‌కి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌తో పాటు గుర్తుచేస్తే వచ్చే డబ్బు కాదది. కాంట్రాక్టు కాపీ, ఏ నెల ఎంత పడిందో బ్యాంక్ స్టేట్‌మెంట్, రెండూ జతచేసి గడువు పెట్టి మెయిల్‌లో నోటీసు పంపండి, కదలకపోతే ఏఐఎఫ్ఎఫ్ ప్లేయర్స్ స్టేటస్ కమిటీకి కంప్లయింట్, ఆటగాళ్ల సంఘం ఎఫ్‌పీఏఐ వాళ్లని అడిగితే ఎలా రాయాలో చెప్తారు. పాత క్లబ్బు వాళ్లు ఎప్పుడైనా ఏదైనా పేపర్ పంపి సంతకం చెయ్యమంటే అందులో బాకీలేమీ లేవు అన్న లైన్ ఉందేమో చూడండి, ఉంటే డబ్బు పడేదాకా చెయ్యొద్దు. కొత్త క్లబ్బుకి కూడా ఒక రూలు గుర్తుంచుకోండి, ఫిఫా రూల్స్ ప్రకారం రెండు నెలల జీతం అక్రమంగా ఆపితే 15 రోజుల గడువుతో నోటీసిచ్చి కాంట్రాక్టు తెంచుకోవచ్చు. మూడో నెల, నాలుగో నెల అని మొహమాటపడకండి.

ట్యాక్స్‌లో మీకు తిరిగొచ్చే డబ్బు ఉండొచ్చు. కాంట్రాక్టులో జీతం అని రాశారా, ప్రొఫెషనల్ ఫీజు అని రాశారా చూడండి. ఫీజు అయితే 10 శాతం టీడీఎస్, అంటే 1.4 లక్షలు కట్ అవుతుంది. ఏజెంటు కమీషన్ 70 వేలు, ఫిజియో, జిమ్, బూట్లు బిల్లులతో ఇంకో 80 వేలు చూపిస్తే, ఎఫ్‌డీ వడ్డీ కలపకుండా మిగిలేది 12.5 లక్షలు, కొత్త రెజీమ్‌లో పన్ను పడని 12 లక్షలు దాటింది 50 వేలే కాబట్టి మార్జినల్ రిలీఫ్‌తో (దాటిన దానికంటే పన్ను ఎక్కువ పడకుండా ఇచ్చే తగ్గింపు) పన్ను సెస్ కలిపి 52 వేలు, మిగతా 88 వేలు రీఫండ్, ఎఫ్‌డీ వడ్డీ కలిపితే అది తగ్గుతుంది. బిల్లులు దాచకపోతే ఇది రాదు, ఊళ్లు మారేటప్పుడు అట్టపెట్టెల్లో పోయేవి ఈ బిల్లులే, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. జీతం అని రాసుంటే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోను వడ్డీ కలపకుండానే పన్ను 82 వేల దాకా పడుతుంది. ఎవరైనా సగం ఆదాయమే చూపిస్తే చాలు, డాక్టర్లకి ఉన్న స్కీమే మీకూ ఉంది అంటే ఆటగాళ్లకి అది వర్తిస్తుందా అని మంచి సీఏని అడగకుండా ఫైల్ చెయ్యొద్దు.

ఎఫ్‌డీ 11 లక్షలు ఒకే కోఆపరేటివ్ బ్యాంకులోనా, వద్దు. డిపాజిట్ ఇన్సూరెన్స్ ఒక బ్యాంకుకి అసలు వడ్డీ కలిపి 5 లక్షలే. అర శాతం ఎక్కువ వడ్డీ కోసం మిగతా ఆరు లక్షలు గాల్లో పెట్టారు. రెన్యూవల్ వచ్చినప్పుడల్లా విడగొట్టి మూడు బ్యాంకుల్లో పెట్టండి, అందులో ఒకటి పెద్ద ప్రభుత్వ బ్యాంకు.

ఈ సీజన్‌లో ఖర్చులన్నీ పోను ఆరు లక్షలకి పైనే మిగలాలి, మిగలకపోతే 55 వేలు అని మీరు రాసిన లెక్క తప్పు, మీ ఆవిడతో కూర్చుని మళ్లీ వెయ్యండి. మిగిలిన దాంట్లో ముందు కారు లోన్ ముగించండి, తర్వాత పీపీఎఫ్‌లో లక్షన్నర, ఇప్పుడు మొదలుపెడితే 15 ఏళ్లకి మెచ్యూర్ అయ్యేసరికి పాపకి 18 వస్తాయి, కాలేజీ ఫీజు టైమ్. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో జీతం వచ్చే 9 నెలలు నెలకి 15 వేలు, మిగతా మూడు నెలలు ఆపండి, ఆపితే ఏం కాదు, ఎవడూ ఫైన్ వెయ్యడు.

ఇన్సూరెన్స్ క్లబ్బుది ఉంది కదా అని ఊరుకోకండి, కాంట్రాక్టు అయిపోయిన మర్నాడు అది కూడా అయిపోతుంది. కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ, మీకు కోటి టర్మ్ పాలసీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ కూడా లేదు. ఫారంలో వృత్తి దగ్గర ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అనే రాయండి, ఏజెంటు బిజినెస్ అని రాసేద్దాం సార్ అంటే ఒప్పుకోకండి, క్లెయిమ్ రోజున మీ మ్యాచ్ వీడియోలు యూట్యూబ్‌లోనే ఉంటాయి. యాక్సిడెంట్ పాలసీలు చాలావాటిల్లో ప్రొఫెషనల్ ఆటల గాయాలకి కవర్ ఉండదు, అది మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే ప్రీమియం కట్టండి.

ఎల్‌ఐసీ ఎండోమెంట్ ఎన్నేళ్లు కట్టారో, సమ్ అష్యూర్డ్ ఎంతో మీరు రాయలేదు. టర్మ్ పాలసీ చేతికి వచ్చేదాకా దాన్ని కదిలించొద్దు. ఈలోపు బ్రాంచికి వెళ్లి సరెండర్ చేస్తే ఎంత, పెయిడప్ చేస్తే (ఇక ప్రీమియం కట్టకుండా పాలసీ ఉంచుకుంటే) ఎంత, రెండు అంకెలూ రాయించుకుని నాకు పంపండి, అప్పుడు ఆ 62 వేల సంగతి చెప్తాను.