ముందు కొట్లో ఖాతా, తర్వాతే కంచం

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మావారి జీతం 14,500. ఇల్లు సొంతం. మేమిద్దరం, అత్తగారు, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. తిండికే నెలకు 9,200 అవుతోంది. అయినా పాపకు హిమోగ్లోబిన్ 10.2 ఉందన్నారు, అత్తగారికి షుగరు. డాక్టరుగారు బలమైన తిండి పెట్టమన్నారు. ఇరవయ్యో తేదీకల్లా చేతిలో డబ్బయిపోయి కొట్లో ఖాతా రాయిస్తున్నాం. ఇప్పుడు బాకీ 3,400. రేషన్ కార్డులో ముగ్గురి పేర్లే ఉన్నాయి, నా పేరు ఇంకా పార్వతీపురంలో మా పుట్టింటి కార్డులోనే ఉంది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బు వస్తుంది కానీ ఎటు పోతుందో తెలియదు. మంచి తిండి తినాలంటే ఇంకెంత ఖర్చు పెట్టాలి? నెల ఖర్చుల చీటీ, ధరలు జతచేశాను.

జవాబు: ఇంకేమీ పెట్టక్కర్లేదమ్మా. మీ చీటీలో ఉన్న డబ్బులోనే మంచి తిండి వస్తుంది, కొంత మిగులుతుంది కూడా. మీరు రాసిన ధరలతోనే లెక్క వేశాను.

ముందు ఆ 3,400 సంగతి. ఖాతా ఉన్నన్నాళ్లు మీకు ధర అడిగే హక్కు ఉండదు. కొట్టాయన ఏ పప్పు ఇస్తే అది, ఎంతంటే అంత. పైగా నెలాఖరు పది రోజులూ నూనె పావు లీటరు, పప్పు వంద గ్రాములు అని చిన్న పొట్లాల్లో కొంటున్నారు. అలా కొంటే కిలో లెక్కన ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. సుభద్ర సొమ్ము ఏడాదికి 10,000, రెండు విడతలు: రాఖీ పున్నమికి 5,000, మార్చి 8కి 5,000. ఈసారి విడత బ్యాంకులో పడిన రోజే 3,400 కట్టేసి పుస్తకంలో గీత కొట్టించండి. మిగిలిన 1,600 పప్పులకు. చీరకో, చుట్టాల పెళ్లికో ఆ డబ్బు కదిలితే కింద చెప్పేదేదీ సాగదు.

ఇక కంచం. మీ చీటీలో పెద్ద పద్దులు ఇవి: సన్నబియ్యం 36 కిలోలు 1,944. పాలు రోజూ లీటరు, నెలకు 1,680. కూరగాయలు 1,200. పిల్లల బిస్కెట్లు, చిప్స్ పొట్లాలు 900. నూనె 5 లీటర్లు 750. పాలలో కలిపే హెల్త్ పౌడరు రెండు డబ్బాలు 580. చికెన్ రెండు కిలోలు 480. కందిపప్పు మూడు కిలోలే, 420. యాపిల్స్ 400. అయిదుగురికి నెలకు మూడు కిలోల పప్పంటే మనిషికి రోజుకు 20 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క రోజుకు 85 గ్రాముల దాకా ఉంటుంది. లోటు ఇక్కడుంది. పప్పుకు 420 పెట్టే ఇంట్లో పొట్లాలకూ పౌడరుకూ కలిపి 1,480 పోతోంది.

బలమైన తిండి అనగానే మనకు పాలు, యాపిల్, డబ్బా పొడి గుర్తొస్తాయి. కిలో ధర చూడటం మానేసి, పది గ్రాముల ప్రొటీన్‌కు ఎంత పడుతోందో చూడండి. మీ ధరల ప్రకారం మీల్‌మేకర్‌లో 2 రూపాయల 80 పైసలు. ఉలవల్లో 3.20. సెనగల్లో 4.70. కందిపప్పులో 6.40. గుడ్డులో 11. పాలలో 17.50. చికెన్‌లో ఎముకలు పోగా 18 దాకా. మీ డబ్బా పొడి వెనక వంద గ్రాములకు 9 గ్రాములని రాశారు కదా, దాని ప్రకారం 64 రూపాయలు! ఆ డబ్బాలో విటమిన్లు కలుపుతారన్న మాట నిజమే, కానీ పంచదార కూడా ఆ ధరకే కొంటున్నారు.

దీన్ని చూసి పాలు, గుడ్లు పూర్తిగా ఆపేయకండి. బి12 పప్పుల్లో దొరకదు, వాటిలో దొరుకుతుంది. పాలు అరలీటరుకు తగ్గించి పెరుగుకూ పిల్లలకూ ఉంచండి. పెద్దవాళ్లు మూడుపూటలా తాగే టీలోకి పోతున్న పాలే ఇప్పుడు సగం.

ఇప్పుడు బియ్యం. రేషన్‌లో వచ్చే 15 కిలోలు కిలో 18కి ఇచ్చేసి సన్నబియ్యం 54కి కొంటున్నామని చీటీలో మొహమాటం లేకుండా రాశారు. కిలోకి 36 చొప్పున నెలకు 540, ఏడాదికి 6,480 రూపాయలు పోతోంది. అది మీ సుభద్ర ఒక విడత కన్నా ఎక్కువ. అమ్మడం నేరం, దొరికితే కార్డుకే ఎసరు. ముతకగా ఉంటుందనేగా బాధ? వండేముందు అరగంట నానబెట్టండి, ఎసరు కాస్త ఎక్కువ పొయ్యండి. ఇడ్లీ, దోసె, పులిహోర, చద్దన్నం అన్నిటికీ అదే వాడండి. మీ ఊళ్లో ఒడియా ఇళ్లలో పఖాళకు (నీళ్లు పోసిన చద్దన్నానికి) ముతక బియ్యమే బాగుంటుందంటారు. మధ్యాహ్నం వేడన్నానికి మాత్రం సన్నబియ్యం ఉంచుకోండి. రేషన్‌లో ఫోర్టిఫైడ్, అంటే పోషకాలు కలిపిన బియ్యం వస్తే, వందలో ఒకటి చొప్పున కాస్త రంగు తేడాగా, కొన్నిసార్లు నీళ్లలో తేలే గింజలుంటాయి. ప్లాస్టిక్ బియ్యమని ఏరిపారేస్తుంటారు. అందులోనే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 ఉంటాయి. పాపకు కావలసింది అవే. అయిదారుసార్లు కడగొద్దు, గంజి వార్చి పారబొయ్యొద్దు.

కార్డులో మీ పేరూ బాబు పేరూ చేరితే 15 కాస్తా 25 కిలోలు అవుతుంది. మనిషికి 5 కిలోల ఉచిత బియ్యం 2024 జనవరి 1 నుంచి ఐదేళ్లకు పొడిగించారు కాబట్టి తిరిగే శ్రమకు ఫలితం ఉంది. చాలామంది ఇక్కడ దరఖాస్తు పెట్టి, ఆధార్ ఇంకో రాష్ట్రం కార్డులో ఉందని తిరిగొచ్చి, నెలలు పోగొట్టుకుంటారు. సరిహద్దు పెళ్లిళ్లన్నిటిలో ఇదే తంతు. వరస ఇది: ముందు పార్వతీపురంలో మీ పుట్టింటివాళ్ల సచివాలయంలో మీ పేరు తీయించి, తీసేసినట్టు కాగితం తీసుకోండి. తర్వాత ఆ కాగితం, ఆధార్, పెళ్లి రుజువు, బాబు జనన ధ్రువపత్రం, బాబు ఆధార్‌తో రాయగడలో మో సేవా కేంద్రంలో (మన మీసేవ లాంటిది) గానీ, మున్సిపాలిటీలో రేషన్ కార్డులు చూసేవారి దగ్గర గానీ దరఖాస్తు. పేర్లు చేరాక ఈ-కేవైసీ వేలిముద్ర మర్చిపోకండి. అది లేక ఆగిన కార్డులు చాలా ఉన్నాయి. ఆంధ్రా కార్డులో పేరున్నంతకాలం, అది కేంద్ర ఆహార భద్రత కిందిదైతే మీ వాటా రాయగడ డిపోలో కూడా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. పుట్టింట్లో ఆ మేరకు తగ్గుతుంది కనుక ముందు వాళ్లతో ఓ మాట అనుకోండి.

కొత్త నెల చీటీ ఇలా వేశాను. పేర్లు చేరేదాకా రేషన్ 15, సన్నబియ్యం 15 కిలోలు (810). చోళ్లు (రాగులు) 6 కిలోలు, మీ ధర 42, మొత్తం 252. పప్పుదినుసులు తొమ్మిది కిలోలు: కంది 3, ఉలవలు 2, పెసలు 2, సెనగలు 2, అన్నీ కలిపి 960. గుడ్లు 60, 420. వేరుశెనగ గుళ్లు కిలోంబావు లోపు, 156. పాలు 840. నూనె మూడున్నర లీటర్లు, 525. కూరగాయలకు తగ్గించలేదు, పెంచాను: 1,600. అరటి, జామ, బొప్పాయికి 300, యాపిల్ జోలికి పోకుండా. చికెన్ ఒక కిలో 240. టీ, పంచదార, బెల్లం 280. ఉప్పు, కారం, చింతపండు మీరు రాసినట్టే 450. పిల్లల చిరుతిండికి 300, అదీ మరమరాలు, వేయించిన సెనగలు, వేరుశెనగ చిక్కీలకు. మొత్తం 7,133. రెండువేల చిల్లర మిగిలినట్టే కానీ, రేషన్ బియ్యం అమ్మితే వచ్చే 270 ఇక ఉండదు. కాబట్టి 1,800. అందులోనూ చుట్టాలు, పండగలు, గ్యాసు తినేసేది పోను 1,000 నిలిస్తే సంతోషించండి. ఆ వెయ్యి ఇంట్లో పెట్టుకోకుండా పోస్టాఫీసు ఆర్‌డీలో వెయ్యండి. పేర్లు చేరాక ఇంకో 540 కలుస్తుంది.

డబ్బా పొడి ఆపితే పిల్లలు ఊరుకోరు కదా. ఇంట్లోనే చేయండి. కిలో చోళ్లు కడిగి రాళ్లు గాలించి 12 గంటలు నానబెట్టండి. పల్చటి గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు వేలాడదీయండి, పూటకోసారి నీళ్లు చల్లుతూ. తెల్లటి మొలక చోడిగింజంత పొడవు రాగానే చాలు. పావుకిలో పైన పెసలు కూడా అలాగే మొలకెత్తించండి. రెండూ వేరువేరుగా ఆరబెట్టి, గుప్పెట్లో నలిపితే మొలకలు పొడిగా రాలిపోయేదాకా ఎండనివ్వాలి. తర్వాత సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేవరకే వేయించి మర పట్టించండి. చెడిపోయేది రెండు చోట్ల: మబ్బుపట్టిన రోజు మొదలుపెడితే ఎండక బూజు వాసన వస్తుంది, పారేయడమే. తడి మిగిలుండగా మరకిస్తే పది రోజుల్లో పిండి పురుగు. వేరుశెనగ దీంట్లో కలిపి మర పట్టించకండి, నూనె చెమర్చి కంపు కొడుతుంది. తాగేటప్పుడు వేయించిన పొడి చెంచాడు వెయ్యండి. మరకూలితో కలిపి కిలోకి 80 లోపే పడుతుంది, ప్రొటీన్ మీ డబ్బా కన్నా తక్కువేం కాదు. చోళ్లలో కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే. డబ్బా కంపెనీ బొమ్మ లేదనేది ఒక్కటే లోటు, పాత డబ్బాలోనే పోసి ఉంచితే అదీ తీరుతుంది.

సంతలో ఒక మెలకువ. కొండల నుంచి వచ్చేవాళ్లు చోళ్లు, ఉలవలు డబ్బాతోనో మాణతోనో కొలిచి ఇస్తారు. ఒకే డబ్బాలో పట్టే ఉలవలూ చోళ్లూ ఒకే తూకం ఉండవు. ఒక్కసారి ఆ డబ్బాడు సరుకు తూయించి, ఏది ఎన్ని గ్రాములో చీటీ రాసి పెట్టుకోండి. ఆకుకూరలు పొద్దున్నే, కందలు గుమ్మడి బీర లాంటివి సాయంత్రం సంత ఎత్తేసే వేళ కొనండి. మునగాకు కొనేదేముంది, చెట్టున్న ఇంట్లో అడిగితే కాదనరు. కందిపప్పు అందరికన్నా బాగా తక్కువకి ఇస్తున్నారంటే గింజ చూడండి. ఒక పక్క వాలుగా, పలకగా కోసినట్టుంటే అది లంకపప్పు (కేసరి పప్పు) కలిసినది, వద్దు. విడి నూనె కూడా కొనొద్దు, ఆవనూనె అయితే మరీను.

సుభద్రలో మిగిలిన 1,600తో పప్పులు ఒక్కసారే కొంటే బాగుంటుంది. మార్చి విడత పెసలు, మినుములు కొత్త పంట వచ్చే రోజులకు సరిగ్గా పడుతుంది. కానీ నాలుగు నెలలకు మించి నిల్వ చెయ్యొద్దు. కిలోకి పది పదిహేను మిగిల్చి, రెండు కిలోలు పుచ్చిపోతే లాభమేముంది? పురుగు గుడ్లు చాలాసార్లు పొలం నుంచే గింజ మీద వస్తాయి. రెండు రోజులు మంచి ఎండలో పోసి, చల్లారాక కిలోకి చెంచాడు నూనె పట్టించి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. వేడిమీద మూత పెడితే లోపల చెమర్చుతుంది. పొట్టు తీసి విరిచిన పప్పుకన్నా నిండు గింజలకే పురుగు ఎక్కువ పడుతుంది కనుక ఉలవలు, పెసలు ముందు వాడేయండి. ఉలవలు రాత్రి నానబెట్టకుండా కుక్కర్లో పెడితే పప్పులో మిగిలింది గ్యాసులో పోతుంది.

పాప ఇనుము మాత్ర తిండి బాగుపడిందని ఆపకండి. డాక్టరు చెప్పినన్నాళ్లు వేయాల్సిందే. ఆకుకూర తిన్న పూట నిమ్మరసమో జామముక్కో ఉండాలి, అన్నం తిన్నాక గంటదాకా టీ ఇవ్వకూడదు. ఏటా ఫిబ్రవరి 10న బడిలో నులిపురుగుల మాత్ర వేస్తారు. ఆ రోజు బడి మానిపించకండి. ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం, బాబుకు అంగన్‌వాడీ తిండి నామోషీ అనుకోకుండా తిననివ్వండి.

అత్తగారి విషయంలో మాత్రం తొందరపడొద్దు. చోడంబలి షుగరుకు మంచిదని గ్లాసులకు గ్లాసులు తాగుతారు. పల్చగా ఉడికిన పిండి తొందరగానే చక్కెర పెంచుతుంది. ఆవిడకు అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట పప్పు, కూర పెంచండి. షుగరు మాత్రలు వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరగొచ్చు. అందుకే ఈ మార్పు మొదలుపెట్టే వారంలో ఆవిడ్ని తీసుకెళ్లి, ఏ పూట ఎంత తింటున్నారో డాక్టరుగారికి చెప్పి మాత్ర మోతాదు అడగండి.