రింజానీ సరస్సుకి రెండు రోజులు చాలా?

ప్రశ్న: ఆగస్టులో ఇండోనేషియా వెళ్తున్నాం. లాంబోక్ దీవిలో రింజానీ అగ్నిపర్వతం లోపలున్న సెగారా అనాక్ సరస్సు దాకా నడవాలని ఉంది. రెండు రోజులు సరిపోతాయా? – ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలవమ్మా. రెండు రోజుల్లో అగ్నిపర్వత బిలం అంచు మీంచి చూసి రావడమే అవుతుంది. సరస్సు దాకా దిగాలంటే మూడు పగళ్లు, రెండు రాత్రులు పెట్టుకోండి. సెంబాలున్ ఊరి వైపు నుంచి ఎక్కి సెనారు ఊరి వైపు దిగితే బావుంటుంది. 2,639 మీటర్ల ఎత్తున్న అంచు నుంచి నీళ్ల దాకా ఆరువందల మీటర్లకు పైనే దిగాలి. నా మోకాళ్లు మొరాయించింది అక్కడే. మా గుడారం, బియ్యం వెదురు కావడిలో మోస్తూ, హవాయి చెప్పులతో కూలీ చకచకా దిగిపోయాడు! సిగ్గేసింది. సరస్సు దగ్గరి వేడినీటి ఊటలో కాళ్లు పెట్టాకే ప్రాణం లేచొచ్చింది. 3,726 మీటర్ల శిఖరం కూడా ఎక్కాలనుకుంటే చలికోటు మరవకండి. చివర్లో బూడిద నేల. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. వానలకి జనవరి నుంచి మార్చి దాకా దారి మూసేస్తుంటారు, ఆగస్టులో మీకా టెన్షన్ లేదు.