అప్‌డేట్ చేయమని ఫోను వెంటపడుతుంటే చట్టం ఎవరి వైపు?

ప్రశ్న: నా ఫోను కొని చాలా ఏళ్లయింది, ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది. కొన్ని నెలలుగా కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోమని రోజూ తెర మీద ప్రకటన వస్తోంది. 'ఇప్పుడే', 'ఈ రాత్రికి' అని రెండే బటన్లు ఉంటున్నాయి, 'వద్దు' అని చెప్పే వీలు లేదు. ఇదే మోడల్ వాడే మా అన్నయ్య అప్‌డేట్ చేశాక ఫోను నెమ్మదించింది, బ్యాటరీ సాయంత్రం దాకా రావడం లేదు. మరోవైపు నా బ్యాంకు యాప్, పాత సాఫ్ట్‌వేర్ మీద త్వరలో పనిచేయనని హెచ్చరిస్తోంది. నన్ను ఇలా తొందరపెట్టే హక్కు కంపెనీకి ఉందా? అప్‌డేట్ చేయకుండా ఉండి, రేపు ఖాతాలో డబ్బు పోతే తప్పు నాదే అంటారా? చేశాక ఫోను పాడైతే ఎవరిని అడగాలి? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు ఏ దేశంలో ఉంటున్నారో రాయలేదు. ఈ విషయంలో చట్టాలు అన్నిచోట్లా ఒక్కలా లేవు కాబట్టి ఒకే దేశపు సెక్షన్లు చెప్పి ముగించలేను. అయితే పలు దేశాల నియమాలను, అక్కడి అధికారులు ఇచ్చిన ఉత్తర్వులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక గీత కనిపిస్తుంది. కంపెనీ మీకు గుర్తు చేయవచ్చు, హెచ్చరించవచ్చు, పదేపదే అడగవచ్చు. అప్‌డేట్ వల్ల మీ ఫోనుకు జరగబోయే చెరుపును దాచిపెట్టి అడిగితే మాత్రం చట్టానికి దొరికిపోతుంది.

ముందు రెండు సంగతులను విడదీయాలి. మీ తెర మీద వస్తున్న ప్రకటన వెనుక ఉన్నది భద్రతా ప్యాచ్ కావచ్చు, కొత్త వెర్షన్ కావచ్చు. ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లొసుగును పూడ్చేది. కొత్త వెర్షన్ రూపాన్ని, సదుపాయాలను, లోపలి పనితీరును మారుస్తుంది. చాలావరకు దాన్ని కొత్త మోడళ్ల ప్రాసెసర్‌ను, మెమరీని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు, దాని బరువు పాత ఫోను మోయాల్సి వస్తుంది. మీ అన్నయ్యకు జరిగింది ఈ రెండో రకం అయి ఉంటుంది.

ప్యాచ్ విషయంలో నేను నిస్సంకోచంగా కంపెనీ పక్షం. ప్యాచ్ విడుదలయ్యాక పాత ప్రోగ్రామును, కొత్త ప్రోగ్రామును పోల్చి చూసి లొసుగు ఎక్కడుందో దొంగలు కూడా పట్టేస్తారు. అంటే పూడ్చుకోని ఫోనుకు ప్రమాదం అంతకు ముందుకంటే పెరుగుతుంది. 2017 మే 12న మొదలైన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై దాడి కంప్యూటర్లకు సంబంధించినదే అయినా ఇక్కడ పాఠం అదే. విండోస్‌లోని ఆ లొసుగుకు మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ విడుదల చేసింది. రెండు నెలలు గడిచినా దాన్ని వేసుకోని కంప్యూటర్లే దాడికి చిక్కాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఒక యంత్రంలోకి చొరబడిన ఆ ప్రోగ్రాము అక్కడి నుంచి పక్క యంత్రాలకూ పాకింది కాబట్టి 'నా పరికరం, నా ఇష్టం' అనే వాదన భద్రత దగ్గర కొంత బలహీనపడుతుంది.

కొత్త వెర్షన్ సంగతి వేరు. ఇక్కడ మీ ప్రశ్నకు అతి దగ్గరగా ఉన్నది ఇటలీలో వ్యాపార పోటీని, వినియోగదారులను కాపాడే సంస్థ 2018 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వు. 2016 సెప్టెంబరు నుంచి ఐఫోన్ 6 వాడేవారిని ఆపిల్, ఐఓఎస్ 10 వేసుకోమని పట్టుబట్టి అడిగింది. అది ఐఫోన్ 7 కోసం తయారైన సాఫ్ట్‌వేర్. పాత ఫోన్ల బ్యాటరీ మీద భారం పెరుగుతుందని, ఫోను ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చెప్పలేదు. శాంసంగ్ కూడా 2016 మే నుంచి గెలాక్సీ నోట్ 4 వాడేవారిని కొత్త ఆండ్రాయిడ్ వేసుకోమని అలాగే ఒత్తిడి చేసింది. ఫోన్లు మొరాయించాక, వారంటీ దాటిన వారిని మరమ్మతుకు పెద్ద మొత్తం అడిగింది. పాత పనితీరుకు తిరిగి వెళ్లే మార్గం ఏ కంపెనీ కూడా ఇవ్వలేదు. ఆపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా పడింది.

ఆ ఉత్తర్వును జాగ్రత్తగా చదవాలి. అప్‌డేట్ ఇవ్వడం నేరమని అందులో ఎక్కడా లేదు. పట్టుబట్టి అడగడం, నష్టం చెప్పకపోవడం, వెనక్కి దారి లేకపోవడం అనే మూడూ కలిసినప్పుడు అది అనుచిత వ్యాపార పద్ధతి అయింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అధికారులు ఆపిల్‌కు 2.5 కోట్ల యూరోల జరిమానా వేసిందీ ఇంచుమించు ఇదే కారణంతో: అరిగిన బ్యాటరీ ఉన్న ఫోన్లను సాఫ్ట్‌వేర్ నెమ్మది చేస్తుందని వాడేవారికి చెప్పలేదు. బ్యాటరీ ఒక్కసారిగా చేతులెత్తేసి ఫోను ఆగిపోకుండా అలా చేశామని కంపెనీ చెప్పుకుంది. ఆ వివరణలో సాంకేతికంగా అబద్ధం లేదు. కానీ ఆ మాట ముందే చెప్పి ఉంటే చాలామంది కొత్త ఫోను కొనకుండా బ్యాటరీ మార్చుకుని సరిపెట్టుకునేవారు. నష్టం అక్కడ జరిగింది. అమెరికాలో ఇదే వ్యవహారంపై వేసిన సామూహిక దావాలో, తప్పు ఒప్పుకోకుండానే, 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు 2020లో ఆపిల్ రాజీకి వచ్చింది.

అనుమతి అడగకుండా తోసినా సమర్థించుకోదగిన సందర్భాలు ఉన్నాయా అంటే ఉన్నాయి. 2016లో గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకుంటుంటే, తిరిగి ఇవ్వని ఫోన్లు అసలు చార్జింగే ఎక్కకుండా చేసే అప్‌డేట్‌ను డిసెంబరులో అమెరికాలో పంపారు. సెలవుల ప్రయాణాల వేళ జనాన్ని ఫోను లేకుండా చేయలేమని వెరైజన్ అనే నెట్‌వర్క్ సంస్థ మొదట అడ్డుచెప్పింది కూడా. నా దృష్టిలో అది న్యాయమైన బలవంతమే. ప్రాణాపాయం ఉంది, కారణం బహిరంగంగా చెప్పారు, డబ్బు వాపసు ఇస్తామన్నారు. మీ ఫోనుకు కొత్త బొమ్మలు, కొత్త కెమెరా హంగులు చేర్చే వెర్షన్‌ను ఆ స్థాయి బలవంతంతో తోయడానికి అలాంటి కారణం ఏదీ లేదు.

యూరప్‌లో ఈ తేడాను చట్టమే గుర్తించడం మొదలుపెట్టింది. 2022 జనవరి 1 నుంచి వర్తిస్తున్న డిజిటల్ సేవల ఒప్పందాల నిబంధనల ప్రకారం, దీర్ఘకాలం అందే డిజిటల్ సేవలో అవసరానికి మించిన మార్పు చేయాలంటే ఒప్పందంలో సరైన కారణం ఉండాలి, అదనపు ఖర్చు పడకూడదు, స్పష్టంగా తెలియజేయాలి. ఆ మార్పు వినియోగదారుకు గణనీయంగా నష్టం చేస్తే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. 2024 చివర్లో అమల్లోకి వచ్చిన సైబర్ భద్రతా చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా ముందే అమర్చాలని, వద్దనుకునే వారికి తేలికైన మార్గం, తాత్కాలికంగా వాయిదా వేసే వీలు ఉండాలని, సాంకేతికంగా కుదిరినప్పుడు భద్రతా అప్‌డేట్లను సదుపాయాల అప్‌డేట్ల నుంచి వేరుగా ఇవ్వాలని అందులో రాశారు. దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. ఈ విడదీతే అసలు పరిష్కారమని నా అభిప్రాయం. ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి 'భద్రత కావాలంటే ఇదంతా తీసుకో' అనడమే మీలాంటి వారిని అప్‌డేట్ అంటేనే భయపడేలా చేసింది.

తొందరపెట్టే హక్కుకు ఇంకో షరతు కూడా ఉండాలి. అప్‌డేట్ చేయలేదని మిమ్మల్ని తప్పుపట్టే కంపెనీ, అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తుందో ముందే చెప్పాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలు తయారు చేసేవారు భద్రతా అప్‌డేట్ల కనీస కాలాన్ని ప్రకటించడం తప్పనిసరి అయింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 తర్వాత మార్కెట్లోకి వచ్చే ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ముగిశాక కనీసం అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి. అంతకు ముందు పరిస్థితి వేరు. 2018లో నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం, పాత ఫోన్లకు అప్‌డేట్లు ఇచ్చేలా శాంసంగ్‌ను ఆదేశించమని కోర్టుకెళ్తే, భవిష్యత్తులో కంపెనీ ఏం చేస్తుందన్న దానిపై ఆదేశించలేమని కోర్టు తోసిపుచ్చింది.

భారతదేశంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లకు ఇలా విడిగా చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 'లోపం', 'సేవాలోపం', 'అనుచిత వ్యాపార పద్ధతి' అనే సాధారణ భావనలనే ఆధారం చేసుకోవాలి. అవి సరిపోతాయనే నా నమ్మకం. 2025 జనవరిలో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత సమస్యలు వచ్చాయన్న ఫిర్యాదులపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆపిల్‌కు నోటీసు ఇచ్చింది కూడా.

కంపెనీ వారు మొదట చూపించేది మీరు ఏనాడో 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన లైసెన్స్ ఒప్పందాన్ని. దానికి బెదరకండి. అది అప్‌డేట్ పంపడానికి అనుమతి కావచ్చు గానీ, నిజం దాచడానికి అనుమతి కాదు. చాలా దేశాల్లో వినియోగదారు హక్కును ఏకపక్షంగా కోసేసే షరతులు చెల్లవు. ఇటలీ, ఫ్రాన్స్ ఉదంతాల్లోనూ ఆ సంతకం లాంటి నొక్కుడు కంపెనీలను కాపాడలేదు.

ఇక డబ్బు సంగతి. బ్యాంకుల నిబంధనలు దాదాపు అన్నిచోట్లా వినియోగదారు నిర్లక్ష్యం ఎంత అన్న దాని మీదే తిరుగుతాయి. యూరోపియన్ యూనియన్‌లో మీ అనుమతి లేని లావాదేవీకి మీ బాధ్యత సాధారణంగా 50 యూరోలకు మించదు. మోసం గానీ ఘోర నిర్లక్ష్యం గానీ ఉంటేనే మొత్తం మీ మీద పడుతుంది. భారత రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశాల్లో, తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకుదే. తప్పు బ్యాంకుది గానీ ఖాతాదారుది గానీ కాక మరెక్కడో జరిగినప్పుడు, సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. నిర్లక్ష్యానికి అక్కడ ఇచ్చిన ఉదాహరణ రహస్య వివరాలు ఇతరులకు చెప్పడం. పాత సాఫ్ట్‌వేర్ వాడటమే ఘోర నిర్లక్ష్యమని తేలికగా తేల్చలేరు. ఆ డబ్బు సరిగ్గా ఆ లొసుగు ద్వారానే పోయిందని కూడా వారు చూపించాలి. ఎక్కువ దొంగతనాలు మనిషిని మభ్యపెట్టి జరుగుతాయి, వాటికి ఆపరేటింగ్ సిస్టమ్ వయసుతో పని లేదు.

కానీ మీ మొండితనానికి ధర లేకపోలేదు. నేను పైన చెప్పిన యూరప్ డిజిటల్ సేవల ఒప్పందాల నిబంధనల్లోనే, భద్రతా అప్‌డేట్ వచ్చిందని, వేసుకోకపోతే ఏమవుతుందో స్పష్టంగా చెప్పాక కూడా సముచిత కాలంలో వేసుకోకపోతే, కేవలం ఆ కారణంగా తలెత్తిన లోపానికి విక్రేత బాధ్యుడు కాడని ఉంది. బ్యాంకు పేరుపెట్టి హెచ్చరించిన తర్వాత నెలల తరబడి ఊరుకుంటే, మీ తరఫు వకీలు పని కష్టమవుతుంది.

బ్యాంకు యాప్ పాత సాఫ్ట్‌వేర్ మీద ఆగిపోవడం గురించి వాదించడం వల్ల లాభం లేదు. రక్షణ లేని వేదిక మీద సేవ నడపనని చెప్పే హక్కు బ్యాంకుకు ఉంది. మీరు అడగాల్సింది ప్రత్యామ్నాయం: వెబ్‌సైట్, శాఖ, ఫోను సేవ. మీ ఖాతాలోకి వెళ్లే అన్ని దారులూ మూసేసి కొత్త ఫోను కొనమంటే అప్పుడు సేవాలోపం వాదన నిలబడుతుంది.

ప్రస్తుతం మీరు చేయాల్సింది ఇది. సెట్టింగులలో ఆ అప్‌డేట్ వివరణ తెరిచి అది ప్యాచా, వెర్షనా చూడండి. ప్యాచ్ అయితే ఈ రాత్రికే వేసేయండి. వెర్షన్ అయితే ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ ఆపివేసి, పాత వెర్షన్‌కే భద్రతా ప్యాచ్‌లు ఇంకా ఇస్తున్నారేమో కనుక్కోండి. కొన్ని కంపెనీలు కొంతకాలం ఇస్తాయి, అలాంటప్పుడు తొందర లేదు. ఇవ్వకపోతే వెర్షన్ వేసుకోవడమే తక్కువ కీడు. వేసే ముందు బ్యాకప్ తీసుకోండి, ప్రకటన తెరను, ఇప్పటి వెర్షన్ నంబరును, బ్యాటరీ ఆరోగ్యం చూపే తెరను ఫొటోలు తీసి ఫోనులో కాకుండా వేరేచోట దాచండి. చాలా ఫోన్లలో పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లనివ్వరు. పాత దాని డిజిటల్ ఆమోదం ఆపేస్తారు, ఫోనే దాన్ని తిరస్కరిస్తుంది. అందుకే ముందటి స్థితికి మీ దగ్గరే సాక్ష్యం ఉండాలి.

మీ అన్నయ్య ఆ ఫొటోలు తీసి ఉండరు. అయినా ఆయనకు దారి ఉంది. అధీకృత సర్వీసు కేంద్రంలో బ్యాటరీ పరీక్ష చేయించి రాతపూర్వక నివేదిక తీసుకోమనండి. బ్యాటరీ అరిగిపోయిందని తేలితే దాన్ని మార్పించి చూడాలి, కొన్ని ఫోన్లలో దాంతో వేగం తిరిగొస్తుంది. బ్యాటరీ బాగానే ఉండి ఫోను నెమ్మదిస్తే, అప్‌డేట్ తేదీ, ఆనాటి నుంచి వచ్చిన మార్పులు, ఉచిత మరమ్మతు లేదా పాత వెర్షన్ పునరుద్ధరణ కోరుతూ కంపెనీకి ఈమెయిల్ రాయాలి, జవాబుకు గడువు పెట్టాలి. ఫోనులో మాట్లాడి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. జవాబు రాకపోతే అదే ఈమెయిల్ వినియోగదారుల ఫోరానికి మొదటి పత్రమవుతుంది. భారతదేశంలోనైతే కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఆ ఫిర్యాదు దాఖలు చేయాలి.