బ్యాచ్ కబుర్లు పోగుచేసే తమ్ముడికి

తమ్ముడూ,

మీ బ్యాచ్ కాలేజీ వదిలి 25 ఏళ్ళు నిండుతున్నాయనీ, అందరి కబుర్లూ పోగుచేసి ఏటా ఒక లేఖగా పంపే పని నీకు అప్పగించారనీ రాశావు. చాలా సంతోషం. ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. మా బ్యాచ్‌కి ఏళ్ళ తరబడి ఇదే పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వాటంతట అవే వచ్చిపడే కబుర్లతో లేఖ నింపేయకు. ప్రమోషన్ వచ్చినవాళ్ళు, పిల్లలకి మంచి సీటు వచ్చినవాళ్ళు, కొత్త ఇంట్లోకి మారినవాళ్ళు నువ్వు అడగకపోయినా చెబుతారు. చెప్పనీ, వాళ్ళ సంతోషం మనకీ సంతోషమే. కానీ లేఖ నిండా అవే ఉంటే రెండో ఏడాదికల్లా సగం మంది తెరిచి చూడడం మానేస్తారు. "మన దగ్గర చెప్పుకోవడానికి ఏముందిలే" అనుకుని మెల్లగా తప్పుకుంటారు. అలా తప్పుకున్నవాళ్ళని వెతికి పలకరించడమే నీ పనిలో ముప్పావు వంతు.

మొదట జాబితా తయారుచెయ్యి. వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళే బ్యాచ్ అనుకోకు. చివరి ఏడాది రోల్ నంబర్ల పట్టిక సంపాదించి ఎక్సెల్‌లో ఎక్కించు. మధ్యలో చదువు మానేసినవాళ్ళనీ, ఫెయిలై తర్వాతి బ్యాచ్‌తో బయటికి వెళ్ళినవాళ్ళనీ కూడా చేర్చు. మనతో మూడేళ్ళు బెంచీ పంచుకున్న మనిషి పట్టికలో లేనంత మాత్రాన పరాయి అయిపోడు. జాడ తెలియనివాళ్ళ గురించి గ్రూపులో "ఎవరికైనా తెలుసా" అని అడిగితే జవాబు రాదు, అందరూ ఇంకెవరో చెబుతారులే అనుకుంటారు. హాస్టల్ రూమ్మేట్‌ని అడుగు. ల్యాబ్‌లో పక్క టేబుల్ వాళ్ళని, ప్రాజెక్టు కలిసి చేసినవాళ్ళని విడివిడిగా ఫోన్ చేసి అడుగు. అమ్మాయిల్లో చాలామందికి పెళ్ళితో ఇంటిపేరు మారి ఉంటుంది. కాలేజీ రిజిస్టర్లో ఉన్న పేరుతో ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా దొరకరు. వాళ్ళ జాడ తీయాలంటే అప్పటి స్నేహితురాళ్ళే దారి. మా బ్యాచ్‌లో ఎక్కువగా జారిపోయింది అమ్మాయిలే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక అడగడం దగ్గరికి వద్దాం. ఇందులోనే అంతా ఉంది.

"ఏం చేస్తున్నావు, పిల్లలు ఎంతమంది, ఎక్కడ సెటిలయ్యారు" అని మొదలుపెట్టకు. ఉద్యోగం పోయినవాళ్ళకి మొదటి ప్రశ్న గుచ్చుకుంటుంది. పిల్లలు లేనివాళ్ళకి రెండోది, పిల్లలతో మాటల్లేనివాళ్ళకి మూడోది గుచ్చుకుంటాయి. పెళ్ళి చేసుకోనివాళ్ళూ, విడిపోయినవాళ్ళూ ఉంటారు. మీ వయసు ఇప్పుడు 46, 47. ఒకపక్క పిల్లల చదువులు, మరోపక్క తల్లిదండ్రుల అనారోగ్యాలు మీద పడే కాలం. అలాంటప్పుడు ఎవరైనా జవాబు చెప్పగల ప్రశ్న వెయ్యాలి. నేను ఎప్పుడూ మూడే అడుగుతాను. ఈ మధ్య నీ రోజు ఎలా గడుస్తోంది? కొత్తగా ఏదైనా నేర్చుకుంటున్నావా? మన క్లాసులో ఎవరు గుర్తొస్తున్నారు? మూడో ప్రశ్న చాలా పనిచేస్తుంది. తన గురించి నోరు విప్పనివాళ్ళు కూడా ఎదుటివాళ్ళ గురించి చెబుతూ చెబుతూ తమ సంగతికి వస్తారు. పైగా ఎవరు ఎవరిని తలుచుకున్నారో నీకు తెలుస్తుంది. ఆ కబురు వాళ్ళకి చేరవెయ్యి. ఇరవై ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు మళ్ళీ ఫోన్లు చేసుకోవడం నేను చూశాను.

మా క్లాస్‌మేట్ ఒకాయన ఎప్పుడు అడిగినా "ఏముంది, రిటైరయ్యాను, తింటున్నాను, పడుకుంటున్నాను" అనేవాడు. ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఏం చేస్తుంటావు అని అడిగాను. పాత గోడ గడియారాలు బాగుచేస్తాను అన్నాడు. అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఒక్కో గడియారం విప్పి, పళ్ళచక్రాలు పెట్రోలులో కడిగి, తెల్ల గుడ్డ మీద వరసగా ఆరబెడతాడట. ఏ చక్రం ఎక్కడిదో మర్చిపోకుండా గుడ్డ మీద పెన్సిలుతో అంకెలు వేసుకుంటాడట. స్ప్రింగు బిగించేటప్పుడు మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదట. అదంతా ఆయన మాటల్లోనే అయిదు వాక్యాల్లో వేశాను. అదే లేఖలో ఇంకొకాయన పెద్ద కంపెనీకి చైర్మన్ అయిన కబురూ ఉంది. ఆ నెలంతా ఫోన్లు గడియారాలాయనకే. ఇద్దరు ముగ్గురు తమ నాన్నల కాలం గడియారాలు ఆయనకి పంపించారు కూడా.

అందుకే ఎవరి కబురైనా నాలుగైదు వాక్యాలకి మించనివ్వకు. చైర్మన్‌కీ అంతే, గడియారాలాయనకీ అంతే. రోల్ నంబర్ల వరసలో వెయ్యి, హోదాల వరసలో వద్దు. పేర్ల ముందు డాక్టర్, ప్రొఫెసర్ లాంటివి తీసెయ్యి, క్లాసులో ఏ పేరుతో పిలిచేవారో అదే రాయి. నొచ్చుకుంటారేమో అని భయపడకు, లోపల అందరూ కోరుకునేది అదే. ముద్దుపేర్లు మాత్రం అడగకుండా వెయ్యకు.

ఈ పని మనతో మొదలైంది కాదు. అమెరికాలో ప్రిన్స్‌టన్ పూర్వ విద్యార్థుల పత్రిక 1900లో మొదలైంది, అందులో ప్రతి బ్యాచ్ కబుర్లనీ ఆ బ్యాచ్ మనిషే రాస్తాడు. హార్వర్డ్‌లో ప్రతి బ్యాచ్‌కీ అయిదేళ్ళకోసారి ఒక పుస్తకం వేస్తారు, ఎర్ర అట్ట కాబట్టి రెడ్ బుక్ అంటారు. అందులో ఎవరి సంగతి వాళ్ళే రాసుకుంటారు. ఒకరే రాస్తే మొహమాటస్తుల కబుర్లు కూడా లోపలికి వస్తాయి. ఎవరిది వాళ్ళు రాసుకుంటే గొంతు వాళ్ళదే ఉంటుంది. నా అనుభవంలో రెండూ కలపడం మంచిది. ఫోన్‌లో నువ్వు అడుగు, వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకో, రాసింది వాళ్ళకి పంపి సరే అన్నాకే లేఖలో పెట్టు.

హార్వర్డ్‌లోనే 1938లో 268 మంది విద్యార్థులతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. రెండేళ్ళకోసారి వాళ్ళకి ప్రశ్నలు పంపుతూ ముసలితనం దాకా వెంట నడిచారు. ఇప్పుడు వాళ్ళ పిల్లల తరాన్ని కూడా చూస్తున్నారు. ఆత్మీయమైన బంధాలున్నవాళ్ళే పెద్దవయసులో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారని అందులో తేలింది. నేను దాని నుంచి పట్టుకున్నది ఇంకొకటి ఉంది. విడవకుండా, అదే మనుషుల్ని, ఏళ్ళ తరబడి అడగడం. ఒక ఏడాది జవాబు ఇవ్వలేదని పేరు కొట్టెయ్యకు. మరుసటి ఏడాది మళ్ళీ అడుగు. ఎనిమిదో ఏటనో తొమ్మిదో ఏటనో ఫోన్ ఎత్తినవాళ్ళున్నారు మా బ్యాచ్‌లో. అన్నేళ్ళూ నీ పలకరింపు చూస్తూనే ఉన్నాం అన్నారు.

ఎవరి గురించైనా మూడో మనిషి చెప్పిన సంగతి, అది ఎంత మంచిదైనా సరే, వెయ్యవద్దు. విడాకులు, జబ్బులు, పిల్లల గొడవలు ఆ మనిషే తన నోటితో చెప్పి, రాయమంటేనే రాయి. చికిత్సకి చందాలు పోగుచేయాల్సి వస్తే ఆ పని వేరేవాళ్ళకి అప్పగించు. కబుర్ల ఫోనూ డబ్బుల ఫోనూ ఒకటే అయితే నీ నంబరు చూసి ఎత్తడం మానేస్తారు.

మరణవార్త గురించి కూడా చెప్పాలి. మీకు ఇంకా అరుదు, కానీ వచ్చిన రోజున తడబడకూడదు. గ్రూపులో ఎవరో పెట్టింది చూసి వెంటనే ముందుకు పంపకు. ఇంట్లోవాళ్ళతో గానీ, వాళ్ళ దగ్గరి స్నేహితులతో గానీ మాట్లాడి నిర్ధారించుకో, అందరికీ తెలియజేయవచ్చా అని అడుగు. ఏ జబ్బుతో, ఎలా అన్నది రాయనక్కర్లేదు. పేరు, రోల్ నంబరు, కుటుంబాన్ని ఎప్పుడు పలకరించవచ్చు, ఇవి చాలు. వాటితో పాటు కాలేజీలో ఆ మనిషి ఎలా ఉండేవాడో ఒక్క నిజమైన వాక్యం ఉండాలి. "స్నేహశీలి, మృదుభాషి" అని రాస్తే అది ఎవరికైనా సరిపోతుంది. "పరీక్ష ముందురోజు రాత్రి గది గదికీ తిరిగి అందరికీ థర్మోడైనమిక్స్ చెప్పేవాడు" అని రాస్తే ఆయన కళ్ళముందుకు వస్తాడు. ఏడాది తర్వాత అదే రోజున ఇంట్లోవాళ్ళకి ఒక్క ఫోన్ చెయ్యి. ఆ ఫోన్ కోసం ఎదురుచూసేవాళ్ళుంటారని నాకు బాగా తెలుసు.

దాచిపెట్టడం గురించి రెండు ముక్కలు. ఏ సేవా శాశ్వతం కాదు. ఎన్నో బ్యాచ్‌లు వాడిన యాహూ గ్రూప్స్‌లో పాత ఉత్తరాలూ ఫోటోలూ తొలగిస్తున్నట్టు 2019లో ప్రకటించారు, 2020 డిసెంబరులో మొత్తానికే మూసేశారు. నీ లేఖలన్నీ పీడీఎఫ్‌లుగా కనీసం ముగ్గురి దగ్గర ఉండేలా చూడు. పాత గ్రూప్ ఫోటో స్కాన్ చేసినప్పుడు ఎడమ నుంచి కుడికి ఎవరెవరో ఇప్పుడే రాయించు. ఇంకో పదేళ్ళు ఆగితే వెనక వరసలో సగం మందిని ఎవరూ గుర్తుపట్టలేరు.

మొదటి ఏడాదే అందరూ దొరకరు. రోజుకి ఒక్క ఫోన్ పెట్టుకో, అది కూడా నీకు తీరికున్న వేళలో. గ్రూపులో ఎప్పుడూ మాట్లాడనివాళ్ళతో మొదలుపెట్టు. జాడ తెలియనివాళ్ళ పేర్లు, రోల్ నంబర్లు, ఏ హాస్టల్‌లో ఉండేవారో రాసి నాకు పంపు. మీకు సీనియర్లుగా ఉన్న బ్యాచ్‌లలో నాకు తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళని నేను అడుగుతాను. లేఖ చిత్తుప్రతి తయారయ్యాక అది కూడా పంపించు, చదివి పెడతాను.

ఆశీస్సులతో,
అక్కయ్య